అమ్మ కట్టిన ఉప్పు మూట

మా చిన్నప్పుడు నాయన అంబాసిడర్‌లో ముందు సీట్లో కూర్చుంటే పాదాలకు వెచ్చగా తగిలేది... ఇంజనుకూ మన కాళ్లకూ మధ్య ఒక్క ఇనుప రేకే అడ్డం. చలికాలం దానికి కాళ్లు ఆనించుకోవడానికి తమ్ముడూ నేనూ కొట్లాడుకునేవాళ్లం.

వల్లూరులో బాడుగ కారంటే మా నాయనదే. పెళ్లికూతుళ్లు, పురిటినొప్పుల వాళ్లు, శనివారం పావగడ శనీశ్వరుని గుడికి పోయేవాళ్లు... అందరికీ ఆయనే.

అమావాస్య వస్తే అమ్మ నల్లగుడ్డలో గళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు మూటకట్టి, లోపలివైపు ఆ రేకుకున్న కొక్కేనికి తగిలించేది. దిష్టి లాగిన మూటను చేత్తో తీయకూడదట. పాతది అట్లే ఉంచి పక్కనే కొత్తది కట్టేది. వానాకాలం ఉప్పు కరిగి రేకు మీద కారేది.

"చూడు, ఎంత దిష్టి లాగిండాదో!" అనేది అమ్మ.

"ఇంకా నాలుగు కట్టు, బండి ఊరగాయ అయితాది" అని నవ్వేవాడు నాయన.

కొన్నేళ్లకు కారులోకి పొగ రావడం మొదలైంది. ఎక్కినవాళ్లు దగ్గేవాళ్లు... బాడుగలు తగ్గిపోయినాయి. నాయన కారును చేనుకాడి కొట్టంలో నిలబెట్టి, ఎవరిదో లారీకి డ్రైవరుగా పోయినాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చేవాడు. ఆ తిరుగుళ్లలోనే ఆరోగ్యం పోయింది... మనిషీ పోయినాడు.

ఇప్పుడు మా శెనక్కాయల చేనులో సోలార్ పలకలున్నాయి. కొట్టం తీసేయాల్సి వచ్చినప్పుడు, కారు బాగుచేయించి అమ్మను గుడికి తీసుకుపోదామన్నాడు తమ్ముడు. వై.ఎన్.హొసకోటలో రేకుపని చేసే పెద్దాయనకు అప్పగించినాం.

ఆయన ఆ రేకు కోసి బయట పెట్టినాడు. మూటలు వేలాడిన చోటంతా జల్లెడ... కారులోకి పొగ వచ్చింది ఆ బొక్కల్లోంచే.

"ఉప్పు తినేసిండాది తల్లీ" అని, రేకును తిప్పినాడు. "ఇట్ల చూడు. ఇంజన్ పక్క నుంచి ఎవరో అతుకులేసినారు. ఒకదాని మీద ఒకటి."

చదును చేసిన డబ్బా రేకులు... మా ఇంట్లో నూనె డబ్బాల ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. నాయన చెయ్యే అది. ఉప్పే తింటోందని ఆయనకు తెలుసు. వెనక అతుకేసి, ముందు మూటను అట్లే ఉండనిచ్చినాడు...

తమ్ముడికి కళ్లు ఎర్రబడినాయి. "ఒక్క మాట చెప్పింటే అయిపోతాండె గదక్కా! నాయన ఇంట్లోనే ఉంటాండె. ఈ పొద్దు అమ్మకు చెప్పేస్తా."

"వద్దప్పా... ఆయన చెప్పనిది మనమెందుకు చెప్పేది?" అన్నాను.

ఇంటికి పోతే అమ్మ గడపలోనే కూర్చోనుంది. "ఏమంటాడప్పా ఆయప్ప? రేకుకేమైందంట?"

తమ్ముడు నోరు తెరిచినాడు... అమ్మ మొగం చూసినాడు.

"పాతదైపోయిందంటమ్మా. అంతే."

"ఉప్పు కట్టబట్టి అన్నేండ్లన్నా నిలిచె. లేకుంటే మీ నాయన నాకు అన్ని దినాలు దక్కుతాండెనా?"

తమ్ముడు చెప్పులు కూడా విడవకుండా వెనక్కి తిరిగి బయటికి పోయినాడు.

కొత్త రేకు వేయించినాం. కారులో పొగ లేదిప్పుడు... నడిపిన మనిషీ లేడు.

ఈ కాలంలో ఎవరి తప్పు వాళ్ల మొగం మీదనే చెప్పేస్తాం. మంచిదేనేమో... కానీ ఒకరి మనసు నొప్పించలేక, ఆ మాటను తనతోనే తీసుకుపోయినవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే రెండు ముక్కలు రాయండి... సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వాళ్లనూ తలుచుకుంటాను.