అన్న నీలం

మా ఫోటోల గ్రూపులో ఒక ఆనవాయితీ ఉంది. ఒకే ఫోటోను అందరికీ పంపుతాం. ఎవరికి వాళ్లు దాని వెలుగు పెంచుకుని, రంగులు దిద్దుకుని, పేరు లేకుండా తిరిగి పంపాలి. కిందటిసారి గెలిచినవాడే ఈసారి ఫోటో ఇస్తాడు, వాడే తీర్పరి. వేరే బహుమతి అంటూ లేదు. ఇంకో నియమం కూడా ఉంది. తీర్పరి ప్రతి ఫోటో గురించీ మంచి మాటే చెప్పాలి, తప్పు ఎత్తకూడదు. ఒకసారి ఎవరో పెట్టిన మబ్బులు వేరే ఫోటోలోంచి తెచ్చి అతికించిన అరువు మబ్బులని ఇంకెవరో అన్నందుకు గ్రూపు రెండు ముక్కలైంది. మళ్లీ అతకడానికి ఎన్ని ఛాయ్‌లు తాగాల్సి వచ్చిందో. అప్పటి నుంచి ఎవరేం పెట్టినా 'మస్తుందన్నా' అనడమే. అందరం ఆఫీసుల్లో ఎలాగూ మాటలు పడేవాళ్లమే, ఇక్కడైనా పొగడ్తలు దొరకాలి కదా.

నా అదృష్టం బాగుండి ఒకసారి నేను గెలిచాను. తీర్పరిగా నేనిచ్చిన ఫోటో దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో తీసింది. ఒకాయన గోడకు సున్నం వేస్తున్నాడు. గోడ తెలుపు, బనీను తెలుపు, బకెట్ తెలుపు. తెలుపును తెలుపుగా ఉంచడం ఎంత కష్టమో అందరికీ తెలిసి రావాలని నా దుర్బుద్ధి.

తీర్పు చెప్పడానికి ఆదివారం పొద్దున పత్తర్‌గట్టిలో కలుస్తాం, అన్న దుకాణం పైగదిలో. అన్న అంటే మా గ్రూపులో అందరికన్నా పెద్దాయన. ఆయనది మ్యాచింగ్ సెంటర్. జాకెట్ పీసులు, ఫాల్స్, లైనింగులు అమ్ముతాడు. ఆడవాళ్లు కవర్లోంచి చీర కొంగు కొంచెం బయటికి లాగితే చాలు, మాట్లాడుతూనే వెనక్కి చెయ్యి చాచి సరిగ్గా ఆ రంగు తాను దింపేవాడు. మా అమ్మ చీరలకూ ఆయనే, మా ఆవిడ చీరలకూ ఆయనే. ఆ దుకాణానికి పెట్టుబడి బట్ట కాదు, ఆయన కన్ను.

ఆ కన్ను మీదికే మాట వచ్చింది ఈ మధ్య. గిరాకులు పీసులు వాపస్ తెస్తున్నారు, రంగు కలవలేదని లొల్లి పెడుతున్నారు. అన్న లైట్లను తిట్టాడు, లైట్లు మార్పించాడు. ఆ తర్వాత గిరాకులను తిట్టడం మొదలుపెట్టాడు. తీర్పుకు వారం ముందే మా ఆవిడ తెల్ల చీరకు జాకెట్ పీసు తెచ్చుకుంది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే అది క్రీము. వాపస్ తీసుకుపోతే అన్న, "ఎండల చూస్తె అన్ని గట్లనే కనవడ్తయమ్మా. ఒకపారి కండ్లు చూపిచ్చుకో" అన్నాడట. ఆ కోపం అంతా నా మీద తీర్చుకుంది.

"మీ అన్నకు చెప్పు, నా కండ్లు సల్లగున్నయని."

నేను నవ్వేశాను.

అన్న ఫోటోలు మాత్రం రెండేళ్లుగా నీలంగా మారుతూ వచ్చాయి. మీనార్లు నీలం, మేకలు నీలం, పెళ్లికొడుకు షేర్వాణీ నీలం. మేం దానికి 'అన్న నీలం' అని పేరు కూడా పెట్టాం. బ్యాంకులో పనిచేసే మిత్రుడొకడు దాన్ని కాపీ కొట్టాలని చూసి, కుదరక వదిలేశాడు. పేరు లేకుండా పంపినా అన్న ఫోటో ఏదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

ఆ ఆదివారం టీవీ మీద ఒక్కో ఫోటో వేస్తూ నేను మంచి మాటలు పంచుతున్నాను. ఏడో ఫోటో వచ్చింది. గోడ ఆకాశంలా ఉంది.

"సున్నంల నీలిమందు జర ఎక్కువ పడ్డట్టుందన్నా" అన్నాడు బ్యాంకు మిత్రుడు. అందరం నవ్వాం.

"నీలం ఏడుందిర?" అన్నాడు అన్న.

హాస్యమాడుతున్నాడనుకుని ఇంకా నవ్వారు. నేను కూడా నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను. నిజంగానే వెతుకుతున్నాడు. మా ఆవిడ తెచ్చిన క్రీము పీసు గుర్తొచ్చింది. మూడో ఫోటో మళ్లీ వేశాను. దాంట్లో గోడ ఉన్నది ఉన్నట్టు ఉంది.

"అన్నా, ఈ గోడ ఎట్లున్నది?"

"పసుపుగ. కామెర్లైనోని లెక్క."

"మరి ఏడోది?"

"గదొక్కటే తెల్లగున్నది."

ఎవరూ నవ్వలేదు. పక్కకు పిలిచి చెప్పాల్సిన మాట అది. నాకు ఆగడం చేతకాదు.

"అన్నా, మూడోది తెలుపు. నీది నీలం. గిరాకులది తప్పు కాదేమో. ఒకపారి కండ్ల డాక్టర్‌కు చూపిచ్చుకో."

అన్న లేచి నిలబడ్డాడు. "రంగులమ్మి ఇల్లు కట్టిన. బిడ్డల పెండ్లిళ్లు చేసిన. నువ్వు నాకు తెలుపు చూపెడ్తవా?"

"పోనియ్ అన్నా, అది నీ స్టైల్" అన్నారు ఎవరో.

"చెప్పు, గట్ల చెప్పు వీనికి" అని అన్న టీవీ కట్టేశాడు. ఆ పోటీలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు.

మెట్లు దిగుతుంటే బ్యాంకు మిత్రుడు నన్ను పట్టుకున్నాడు. "ఆయన దుకాణంల కూసొని, ఆయన ఛాయ్ తాక్కుంట గా మాట అంటరానె? గిట్ల బజార్ల తెలిస్తె దుకాణం నడుస్తదా?" అతను చెప్పిందీ నిజమే. మ్యాచింగ్ సెంటర్ ఆయనకు రంగులు కనిపించవన్న పుకారు చాలు, గిరాకి పక్క దుకాణం ఎక్కడానికి. ఆ రాత్రి ఇంట్లో జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ మాత్రం, "ఆయన నాకు చెప్పిన మాటనే నువ్వు ఆయనకు చెప్పినవ్. దానికెందుకు ఫికర్?" అంది.

అన్న గ్రూపులో ఫోటోలు పెట్టడం మానేశాడు. నేను పత్తర్‌గట్టి వైపు వెళ్తే దుకాణం ముందు నుంచి కాకుండా అవతలి పక్క నుంచి నడిచేవాణ్ని.

వానలు మొదలయ్యాక ఫోన్ వచ్చింది. "తమ్మీ, ఒకపారి దుకాణానికి రా."

వెళ్లేసరికి అన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. చివరికి డాక్టర్‌కు చూపించుకుంటే రెండు కళ్లలో శుక్లాలట. వాటి వల్లే తెలుపు పసుపుగా కనబడి, ఆ పసుపు పోగొట్టడానికి ఫోటోల్లో నీలం పెంచుతూ వచ్చాడు. కుడికంటికి ఆపరేషన్ అయింది, ఎడమది ఇంకా ఉంది. ముందున్న బల్ల మీద తెల్ల తాన్లు గుట్టగా పడి ఉన్నాయి. అద్దాలు తీసి, ఎడమకన్ను చేత్తో మూసి ఒక తాను చూశాడు. తర్వాత కుడికన్ను మూసి అదే తాను చూశాడు.

"గీ కంటికి తెలుపు. గీ కంటికి క్రీము. గిన్నొద్దులు రెండు కండ్లూ క్రీమువే ఉండె. తెల్లయి క్రీముయి అన్ని కల్పి పెట్టిన."

ఆయన గొంతులో నా మీద కోపం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. దుకాణం పోలేదు, కన్ను పోలేదు, అన్న నాతో మాట్లాడుతున్నాడు. ఛాయ్ చెప్పి, ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. ఆ సున్నం ఫోటోనే మళ్లీ దిద్దాడట, కొత్త కంటితో.

"చెప్పు. తీర్పరివి కద."

చూశాను. ఈసారి గోడ కొంచెం పసుపుగా ఉంది. కొత్త కంటికి లోకమంతా నీలంగా కనబడుతుందేమో, ఆయన దాన్ని సరిచేయబోయి ఇటువైపు వచ్చేశాడు. ఆపరేషనై ఇంకా పది రోజులు కాని మనిషి. ఎంత ఆశగా చూస్తున్నాడో.

"మస్తుందన్నా" అన్నాను.

అన్న ఫోన్ తీసుకోలేదు.

"గిదే" అన్నాడు. "రెండేండ్ల సంది గిదే అన్నరు మీరు. గిరాకి పీసు తెచ్చి నా మొహం మీద కొట్టినప్పుడల్లా ఫోన్ తీసి మీ మెసేజులు చూసుకునేటోన్ని. గింతమంది మస్తుందంటున్నరు, నా కండ్లకేమైతది అనుకునేటోన్ని. గా ఆడోళ్లను ఏం మాటలన్ననో నీకు తెల్వది."

బయట రిక్షావాడు ఎవరినో తిడుతున్నాడు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి గోడ మూలమూలా చూశాను.

"పసుపెక్కువైందన్నా."

"ఎంత?" అని అడిగి, స్టూలు జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు.