ఇరవై నిమిషాల తణికాచలం

"ఏమయ్యా, నువ్వు మెకానిక్కువా, ఇంజనుకు ఆయావా?"

1982 మార్చిలో, మాసి నెల ఎండలో, తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలోని తన వేరుశనగ గోడౌను ముందు నిలబడి గుర్నాథం అడిగిన ప్రశ్న ఇది. అడిగించుకున్న తణికాచలం అప్పుడు ఇంజను మీద తడి గోనెసంచి కప్పి, పక్కనే గొంతుక్కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతున్నాడు. ప్రశ్నను శ్రద్ధగా విన్నాడు. విసరడం మాత్రం ఆపలేదు.

"రెండూ అన్నా," అన్నాడు.

తణికాచలానికి ఉన్న పిచ్చి ఒక్కటే. లోకంలో ఏదీ ఇరవై నిమిషాలకు మించి ఆగకుండా నడవకూడదు. పంపుసెట్టు గానీ, పిండిమర గానీ, మనిషి గానీ, ఇరవయ్యో నిమిషం రాగానే అతని కుడిచెయ్యి పైకి లేచేది. "చల్లారనీ" అనేవాడు. దీనికి గడియారం కూడా అక్కర్లేదు. గుర్నాథం తన చేతిగడియారంతో రెండుసార్లు సరిచూశాడు. తప్పు గడియారానిదే అని తేలింది.

ఒకసారి గుర్నాథం పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి బస్సెక్కాడు. రెండు గంటలకు బ్యాంకు మూసేస్తారు. అదే బస్సులో తణికాచలం ఉన్నాడని తెలిస్తే ఎక్కేవాడు కాదు. సగం దారిలో చెయ్యి లేచింది. డ్రైవరు వేలాయుధం బండి పక్కకు తీసి, బానెట్టు ఎత్తి, మళ్ళీ సీట్లోకి వచ్చి స్టీరింగు మీద తల వాల్చి గురక పెట్టాడు. అరవైమంది ప్రయాణికులు మొదట తిట్టారు, తర్వాత దిగారు, ఆ తర్వాత ఎక్కడినుంచో ఒక పుల్లఐసు వాడు కూడా వచ్చాడు. గుర్నాథం బ్యాంకు ముందు దిగేసరికి రెండూ పది.

"బస్సుకు ఏమైందిరా?" అని పళ్ళు కొరికాడు.

"ఏమీ కాలేదన్నా. కానియ్యలేదు నేను."

తిరువళ్ళూరులో గుర్నాథం మేనల్లుడి పెళ్ళి ఇంకా ఘోరం. అది ముహూర్తాల కాలం. డోలు వాయించే పెద్దాయన అంతకుముందే రెండు పెళ్ళిళ్ళు ముగించుకుని వచ్చాడు. పురోహితుడు గెట్టిమేళం అని కేక వేసే సమయానికి మేళం లేదు. తణికాచలం పందిరి వెనుక ఆయనకు సోడా పట్టిస్తున్నాడు. గుర్నాథం భార్య కన్యకాంబ ఇత్తడి తాంబాళాన్ని గరిటెతో బాది ఆ గండం గట్టెక్కించింది. దంపతులు ఇప్పటికీ బాగానే ఉన్నారు. గుర్నాథం మాత్రం ఆ గరిటె చప్పుడు తలుచుకున్నప్పుడల్లా కళ్ళు మూసుకునేవాడు.

ఇలాంటివాడిని నమ్మి విమానం మొదలుపెట్టడం ఎవరి బుద్ధితక్కువ అంటే, అది గుర్నాథానిదే. మద్రాసు హార్బరు వేలంలో ఒక చెక్కపెట్టె చవగ్గా వస్తున్నదని, జాబితాలో "మోటారు బండి" అని ఉందని, పెట్టె తెరవకుండానే పాడేశాడు. ఇంటికి తెచ్చి తెరిస్తే చక్రాలు లేవు. ముందు రెండు పొడుగాటి రేకు చెప్పులు, కింద ఒక రబ్బరు పట్టా. చక్రాలు ఎవరో ఊడబీక్కున్నారని మళ్ళీ మద్రాసు వెళ్ళి అడిగి, అందరినీ నవ్వించి వచ్చాడు. అది మంచు మీద జారే బండి. తిరుత్తణిలో మంచు పడిన దాఖలా లేదు.

తణికాచలం వచ్చి, బండిని వదిలేసి ఇంజనును మాత్రం రెండు చేతులతో ఎత్తి చూశాడు. "ఇంత తేలికగా ఉండి ఇంత బలం ఉండే ఇంజను నేను చూళ్ళేదన్నా. అమెరికాలో దీన్ని పెట్టి ఇంట్లోనే విమానాలు చేసుకుంటా ఉండారు," అన్నాడు. అతను మద్రాసు మీనంబాక్కం విమానాశ్రయంలో పదకొండేళ్ళు విమానాలు తుడిచాడు. అన్నేళ్ళు తుడిచినవాడికి నడపడం ఒక లెక్కా అని అతని అభిప్రాయం. అనుమతి కోసం ఢిల్లీకి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. వద్దని రాయలేదు కదా అని సైకిలు షాపు నుంచి అల్యూమినియం గొట్టాలు తెచ్చాడు.

గుర్నాథం అక్కడితో ఊరుకుని ఉంటే పోయేది. వ్యాపారుల సంఘం మీటింగులో, తిరువళ్ళూరు జవుళి వ్యాపారి ఆదికేశవులు తన కొత్త అంగడికి రెండు లౌడుస్పీకర్లు పెడుతున్నానని గొప్పలు పోతుంటే, గుర్నాథం లేచి, ఏప్రిల్ ఆఖర్లో, చిత్తిర నెల గుడి తేరు రోజున తన అంగడి నోటీసులు తిరుత్తణి కొండ మీద ఆకాశం నుంచి రాలతాయని ప్రకటించేశాడు. మూడువేల నోటీసులు అచ్చు కూడా వేయించాడు. విమానం ఎగరకపోతే ఆ సంఘంలో అతను తల ఎత్తుకునే పని లేదు.

కానీ ఇంజను వేడికి తాళలేదు. మంచులో తిరగడానికి పుట్టింది, ఇక్కడి ఎండలో మొదటి రోజే ఇరవై రెండో నిమిషంలో పిస్టను బిగుసుకుపోయింది. "చూసినావా," అన్నాడు తణికాచలం. అంత తృప్తిగా ఏ మెకానిక్కూ ఇంజను చెడిపోయిన కబురు చెప్పి ఉండడు. కొత్త పిస్టను వేశాడు. కార్బరేటరు విప్పాడు, రేకులు వంచి గాలి తగిలే దారి చేశాడు, రైసుమిల్లు బెల్టులతో పంకాను దానికి బిగించాడు. ఆ తర్వాత రోజూ విమానాన్ని రాతిస్తంభానికి కట్టి ఇంజను నడిపి చూసేవాడు.

గుర్నాథం వ్యాపారి. పెట్రోలు ఖర్చై గాలి ఊరికే పోవడం అతనికి నచ్చలేదు. గోడౌనులో పనిచేసే పదిమంది ఆడవాళ్ళను చేటలతో విమానం వెనుక నిలబెట్టి, ఒలిచిన వేరుశనగను తూర్పారబట్టించాడు. పొట్టు పక్క పొలం దాకా ఎగిరిపోయింది. ఈ ఒక్క ఆలోచనకే విమానం ఖర్చు రాబట్టవచ్చని అనుకుంటుండగా చెయ్యి లేచింది.

"చల్లారనీ."

ఇరవై నిమిషాలు గాలి, ఇరవై నిమిషాలు ఆట విడుపు. ఇంజను ఆగగానే కన్నమ్మ, మునియమ్మ, తక్కినవాళ్ళు చేటలు బోర్లించి గోడ నీడకు పోయి కాళ్ళు చాపేవాళ్ళు. వక్కాకు తీసేవాళ్ళు. అంతకుముందు తెల్లవారి మొదలుపెడితే పొద్దు వాలేదాకా వంగిన నడుము ఎత్తని మనుషులు. గుర్నాథం గోలపెట్టాడు. ఏం లాభం, మనుషులను గదమాయించవచ్చు గానీ బిగుసుకుపోయే పిస్టనును గదమాయించలేడు.

అతన్ని అన్నిటికంటే కుంగదీసింది ఇంకో లెక్క. కొండకు పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది.

"మలుపు తిరిగేదానికి టైము యాడుందిరా?" అన్నాడు.

"తిరిగేదానికి ఎంతసేపన్నా," అన్నాడు తణికాచలం, తడిగోనె పిండుతూ.

తేరు రోజు తెల్లవారింది. పదిమందీ తోక పట్టుకుని లాగి ఉంచారు, ఇంజను రంకె వేసింది, విమానంలో కూర్చున్న తణికాచలం చెయ్యెత్తాడు, వాళ్ళు వదిలేశారు. విమానం మూడు గట్లు దాటి, నాలుగో గట్టు మీద ఒకసారి తన్ని, నిజంగానే లేచిపోయింది. గుర్నాథం గడియారం చూసుకున్నాడు. ఆరూ పది.

ఆరున్నరకు ఆకాశం ఖాళీగా ఉంది. ఆరూ నలభైకీ అంతే. ఏడు గంటలకు గుర్నాథానికి మనసులో అంతా కనిపించింది. పిస్టను బిగుసుకుపోయింది, తణికాచలం కూలిపోయాడు, చుట్టూ మూడువేల సాక్ష్యాలు, ప్రతి దాని మీదా గుర్నాథం అండ్ సన్స్ అని పెద్దక్షరాలు. అంతలో తణికాచలం భార్య చంద్రావతి గుర్తొచ్చింది. ఆమెకు ఏమని చెప్పాలి? నోటీసులూ సంఘమూ ఏమైనా పోనీ అనిపించింది. వాడు ప్రాణాలతో దిగితే కొండమీది హుండీలో నూటొక్క రూపాయలు వేస్తానని పైకే మొక్కుకున్నాడు.

ఆడవాళ్ళు మాత్రం గోడ నీడలో తీరుబడిగా వక్కాకు నములుతున్నారు. గుర్నాథానికి ఒళ్ళు మండింది.

"మీకు గుండెకాయ లేదా? అది ఇరవై నిమిషాలకు ఆగిపోయే ఇంజను."

మునియమ్మ ఎర్రగా ఉమ్మి, అతని వంక జాలిగా చూసింది. "అది ఎప్పుడు ఆగిందయ్యా? ఆయన ఆపినాడు."

గుర్నాథం ఈ మాటను ఇంకా నములుతుండగానే ఉత్తరం వైపు ఈగ మోత వినబడింది. ఏడూ ఇరవైకి విమానం దిగింది. తణికాచలం కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, కొండ చుట్టూ రెండుసార్లు తిరిగి, పళ్ళిపట్టు దాకా పోయి అత్తగారి ఇంటి మీద కూడా ఒక కట్ట వేసి వచ్చినానని చెప్పాడు.

"పళ్ళిపట్టులో నాకు అంగడే లేదు గదరా," అన్నాడు గుర్నాథం. "గంటా పది నిమిషాలు. ఇరవైకి బిగుసుకుంటుందంటివే?"

"ఆ జబ్బు సంక్రాంతప్పుడే, తై నెలలోనే కుదిరిందన్నా."

"మరి మూడు నెలల్నుంచి గోనెసంచులేంది, విసనకర్రలేంది?"

తణికాచలం ఇంజనును వదిలేసి గోడ నీడ వైపు చూశాడు.

"కన్నమ్మకు నడుము నొస్తా ఉండాదని చెప్పింటే, ఆపింటావా నువ్వు?"

ఆపేవాణ్ణని చెప్పడానికి గుర్నాథం అబద్ధం చెప్పి బతికే వ్యాపారి కాదు. ఇంతమంది ముందర తనను వెధవను చేసినందుకు తణికాచలాన్ని ఊరంతా వినేట్టు తిట్టాడు. తిట్లు పావుగంట దాకా సాగాయి. ఎవరూ అడ్డుపడలేదు.

మరుసటి వారం గోడౌను ముందు వెదురు స్తంభాలు లేచాయి, పైన తాటాకు పడింది, మూలన ఒక నీళ్ళబాన వచ్చింది. ఎందుకు ఇదంతా అని కన్యకాంబ అడిగితే, ఇంజనుకు ఎండ తగలకూడదని గుర్నాథం విసుక్కున్నాడు. విమానం రెక్కలు ఆ పందిట్లో పట్టవు. ఇంజను ఎండలోనే ఉంది. పందిట్లో పదిమంది ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నారు. గుర్నాథం అటు చూడనట్టు నటిస్తాడు, అదీ సరిగ్గా చేతకాదు.

వెదురుకూ తాటాకుకూ బానకూ కలిపి తొంభై ఎనిమిది రూపాయలైంది. మిగిలిన మూడు రూపాయలకు వక్కాకు తెప్పించాడు. తిరుత్తణి కొండమీది హుండీకి గుర్నాథం నూటొక్క రూపాయలు ఇంకా బాకీ.