చెల్లెలికి చేసిన కాలు

అతని చేతులు తెల్లని ప్లాస్టర్ అచ్చు మీద ఆకురాయి ఆడిస్తున్నాయి. మోకాలి కింద మిగిలిన చెల్లెలి కాలికి తీసిన అచ్చు అది. కుట్ల మచ్చ గట్టులా లేచినచోట రుద్ది రుద్ది నున్నగా చేశాడు. కొయ్యపని నుంచి సొంతంగా నేర్చుకుని ఈ పెట్టుడు కాళ్ల పనిలోకి వచ్చిన మనిషి. గది నిండా కాళ్లు వేలాడుతుంటాయి కాబట్టి వీధి వీధంతా అతన్ని కాళ్లన్న అంటారు. ఇంటి మనిషికి కాలు చేయడం మాత్రం ఇదే మొదలు.

బస్సు బోల్తా పడి చెల్లెలి కాలు పోయింది. ఒళ్లో ఉన్న కొడుకూ పోయాడు. పిల్లాణ్ని పూడ్చిన రోజు ఆమెకు స్పృహ లేదు. వాడి సమాధి దగ్గరికి నడిచే వెళ్లాలని ఆమె పంతం. చక్రాల కుర్చీలో తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు.

ఆ అచ్చు మీద తొడుగు తయారుచేసి ఆమె కాలికి తొడిగి చూడగానే కెవ్వుమంది.

"తీసెయ్ అన్నయ్యా, తీసెయ్!"

తప్పేమిటో అతనికి వెంటనే తెలిసింది. నొప్పి ఉండేచోట అచ్చు మీద ప్లాస్టర్ అదనంగా మెత్తాలి. అప్పుడే తొడుగు లోపల అక్కడ ఖాళీ వస్తుంది. పరాయివాళ్లకు ఎన్నడూ మరిచిపోలేదు. చెల్లెలి మచ్చను చూడలేక అరగదీసేశాడు.

"ఊరందరికీ కాళ్లన్నవి, నా కాలి దగ్గరే తప్పు చేశావా?"

"ఇంటి మనిషివి కదే. చెయ్యి వణికింది."

"దేవుడికీ నేను ఇంటి మనిషినేగా. ఆయన చెయ్యి కూడా వణికిందా?"

అతను మళ్లీ ప్లాస్టర్ కలుపుతున్నాడు. ప్రతి ఆదివారం ప్రార్థన మందిరానికి వెళ్లే మనిషి. దేవుడు పరీక్షిస్తున్నాడనీ, ఇష్టమైన పువ్వును కోసుకున్నాడనీ అక్కడి ఆడవాళ్లు ఆమెతో అనడం విన్నాడు.

"ఆ కబుర్లు నేను చెప్పను," అన్నాడు. "డ్రైవర్ తాగి నడిపాడు. అది దేవుడు చేయించిన పని కాదు. మనల్ని ఆయన తాడు లాగితే ఆడే బొమ్మలుగా చెయ్యలేదు."

"ఆపొచ్చుగా?"

"ఆపొచ్చు. ఎందుకు ఆపలేదో నాకు తెలీదమ్మా. తెలుసంటే అబద్ధం. ఆయన్నీ సిలువకు మేకులు కొట్టి చంపారు. లేచాక ఆ గాయాలు చెరుపుకోలేదు, అవే చూపించాడు. నొప్పి తెలియని దేవుడైతే నేనూ మొక్కేవాణ్ని కాదు."

"ఆయన మూడో రోజుకి లేచాడు. మరి నా వాడు?"

"లేస్తాడు. ఎప్పుడో చెప్పలేను."

ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. అతని కళ్లూ నిండాయి గానీ చేతులు ఆగలేదు. కలిపిన ప్లాస్టర్ గట్టిపడిపోతుంది.

"ఇటు చూడు. ఎక్కడ నొక్కింది?"

ఆమె ఇటు తిరిగి కాలి మీద వేలు పెట్టి చూపింది. "ఇక్కడ. ఊహూ, ఇంకాస్త పైన."

అచ్చు మీద సరిగ్గా అక్కడే ప్లాస్టర్ మెత్తాడు. ఆరాక కొత్త తొడుగు చేశాడు. అంచులు అరచేత్తో తడిమి చూసుకుని దానికి పెట్టుడు పాదం బిగించాడు.

ఆమె బల్ల పట్టుకుని లేచింది. కాలి మీద బరువు మోపింది. పెదవి కొరుక్కుంది.

"నొప్పా?"

"నొప్పే. నిలబడొచ్చు." బల్ల మీది చెయ్యి తీసి అంది: "మందిరానికి మాత్రం రాను."

"నేను రమ్మన్నానా?"

"వాడి దగ్గరికి నువ్వొస్తావా?"

తలూపాడు. వంగి తోలుపట్టీని సరిగ్గా అమర్చి, బిగించే కొసను ఆమె చేతికిచ్చాడు.