తెర మీద నలగని కొంగు

రిటైర్మెంటుకి మూడేళ్ల ముందు నన్ను రాజమండ్రిలోని ఓ మ్యూజియంలో వస్త్రాల గ్యాలరీకి క్యూరేటర్‌గా వేశారు. పాత చీరలకు వెలుతురు పడదు. అందుకే కొన్ని నెలలు అద్దాల పెట్టెలో ప్రదర్శించి, తర్వాత గొట్టానికి చుట్టి స్టోరులో విశ్రాంతి ఇస్తాం. ఆ ఖాళీ పెట్టె పక్కన టచ్ స్క్రీన్ పెట్టించాను. తెర మీద వేళ్లతో సాగదీస్తే చీరలో ఒక్కో పోగూ కనిపించేది. కాలేజీ పిల్లలు దాని ముందు నుంచి కదిలేవారు కాదు. నాకూ గర్వంగానే ఉండేది.

ఒకరోజు అమలాపురం నుంచి సుందరమ్మగారు వచ్చారు. టీచరుగా చేసి రిటైరయ్యారు. మా గ్యాలరీలోని ఉప్పాడ జమ్దానీ చీర, అప్పుడు స్టోరులో ఉన్నది, ఆవిడ తల్లిగారిది, మ్యూజియానికి ఇచ్చింది కూడా ఆవిడే.

“మా అమ్మ చీర ఏదండీ?” అన్నారు, ఖాళీ పెట్టె చూసి.

తెర చూపించాను.

“బొమ్మ చూపిస్తారేంటండీ? ఫొటో అయితే మా ఇంట్లోనే ఉంది. మా చీర మాకిచ్చేయండి.”

ఇచ్చిన వస్తువును వెనక్కి పంపాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. ఆవిడ అడిగితే ఆయన కాదనరు. అంత పాత జమ్దానీ మాకు అదొక్కటే.

ఒక్కసారి చూడమని బతిమాలి తెర ముందు కూర్చోబెట్టాను. ముభావంగా చూస్తున్నావిడ కొంగు దగ్గర ఆగిపోయారు. అక్కడ చిన్న రఫ్ఫు ఉంది, దారం రంగు కాస్త వేరు.

“ఇది నా పనేనండి! చిన్నప్పుడు ఆటలో లాగి చింపేశాను. అమ్మ తిట్టుకుంటూ కుట్టుకుంది. మీ పెట్టెలో మసక వెలుతురుకి ఇదెప్పుడూ కనపళ్లేదు.”

అంటూనే బొటనవేలూ చూపుడువేలూ కలిపి కొంగు నలపబోయారు. చీర చిన్నదైపోయి తెర మధ్యకు ముడుచుకుపోయింది. ఇద్దరం నవ్వేశాం. అంతకుముందు చాలామంది ఆడవాళ్లు కూడా ఇలాగే చీరను చిన్నది చేసి విసుక్కునేవారు. ఎందుకో నాకప్పుడు తెలిసింది. షాపులో కొంగు నలిపి చూడకుండా మనలో చీర కొనేదెవరు?

ఆవిడను స్టోరుకి తీసుకెళ్లి, చేతులకు గ్లవ్స్ తొడిగి, అసలు చీర పరిచి చూపించాను. తర్వాత ఉప్పాడలో అదే రకం నేత ముక్క ఒకటి నేయించి తెర కింద వేలాడదీశాను.

సుందరమ్మగారు మళ్లీ వచ్చి దాన్ని నలిపి చూశారు. “ఇది మా అమ్మది కాదండి,” అన్నారు. ముక్కను మళ్లీ వేళ్లతో సరిచేసి వదిలి, “ఉండనివ్వండి. మా అమ్మ చీరా ఇక్కడే ఉండనివ్వండి,” అన్నారు.

బట్టను చూపించే తెర పక్కన తాకడానికి బట్ట కూడా ఉండాలని నాకు అక్కడ తెలిసింది. ఆ ముక్క ఎంత త్వరగా మాసిపోతే గ్యాలరీ అంత బాగా నడుస్తున్నట్టు.