అంబారుపేట దాటిన రోజు

రెండు వారాల కిందట, ఆదివారం ఆరాధన అయ్యాక, జగ్గయ్యపేట నుంచి కారులో నందిగామ బయలుదేరాం. అక్కడ మా మేనత్త ఉంటుంది. ఇప్పటి రోడ్డు మీద అదేమంత దూరం కాదు, పిల్లలు ఫోనులో ఒక బొమ్మల కథ చూసి ముగించేలోపు ఊరొచ్చేస్తుంది. కానీ సరిగ్గా అంబారుపేట దగ్గరికి వచ్చేసరికి, వెనక సీట్లో ఆ బొమ్మల కథే చూస్తున్న మా అయిదేళ్ళ పాప ఫోను పక్కన పెట్టేసి, "నాన్నా, నోట్లో నీళ్ళూరుతున్నాయి" అంది. వాంతికి ముందొచ్చే ఆ మాటకు అర్థం నాకంటే బాగా తెలిసినవాడు మా జిల్లాలో ఉండడు కాబట్టి వెంటనే కారు పక్కకు తీశాను గానీ, కొత్త సీటు కవర్ల మీద జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.

"ఇల్లూ పొలమూ రాకపోయినా, మీ వంశం ఆస్తి మాత్రం నా బిడ్డకు బాగానే వచ్చింది" అంది మా ఆవిడ, తడిగుడ్డతో పాప మొహం తుడుస్తూ.

నేను ముక్త్యాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాలు చూసే ఇంజనీరుని. యంత్రం మొరాయిస్తే కారణాలన్నీ వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవడం నా ఉద్యోగం. పాప విషయంలోనూ అదే చేశాను. ఏసీ వాసన, మూసిన అద్దాలు, పొద్దున తిన్న పూరీలు, చేతిలో ఫోను. నాలుగింటిలో ఏది దోషి అని నేను రోడ్డు పక్కన నిలబడి ఆలోచిస్తుంటే, పాప వాళ్ళమ్మ భుజం మీద తలపెట్టి, "నేనింక ఎక్కడికీ రాను" అని ప్రకటించింది. నేను ఆలోచన ఆపింది ఆ మాటకే. ఏడేళ్ళప్పుడు ఇదే రోడ్డు మీద, ఇంచుమించు ఇదే చోట, ఇదే మాట నేనూ అన్నాను మరి.

మా అత్త ఇంటి ముందు గదిలో ఆమె పెళ్ళి ఫోటో ఒకటి గోడకు వేలాడుతుంటుంది. తెల్ల చీరలో అత్త, కోటులో మామయ్య, వాళ్ళ ముందు తెల్ల చొక్కాలో ఒక పళ్ళెం పట్టుకుని నేను. పళ్ళెంలో రెండు ఉంగరాలు, వాటి పక్కన ఒక నిమ్మకాయ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ నిమ్మకాయ ఏమిటని అడుగుతారు, అత్త నన్ను చూపించి నవ్వుతుంది. ఆ సంగతే ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

నా ఈడువాళ్ళకు ఎర్రబస్సు వాసన గుర్తుండే ఉంటుంది. డీజిలు, ఎండకు కాలిన రెగ్జిను సీటు, ఎవరో ఒకరి చేపల బుట్ట, ఎవరో ఒకరి మల్లెపూలు, డ్రైవరుగారి బీడీ. ఇవన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు సోకితే చాలు, బస్సు కదలక ముందే నా కడుపులో తిప్పేది. మా ఇంట్లో దీన్ని జబ్బు అనేవారు కాదు, వీడికి బస్సు పడదు అనేవారు, కొందరికి వంకాయ పడనట్టు. వంకాయ మానెయ్యొచ్చు గానీ బస్సెక్కకుండా బతకడం ఎలా? చుట్టాలందరూ నందిగామలోనో, ఆపైన జి.కొండూరు వైపునో ఉండేవారు. అందుకని ఎవరింట్లో ఏం జరిగినా నన్ను పక్కింట్లో వదిలేసి వెళ్ళేవారు, సాయంత్రం వాళ్ళు తెచ్చిన లడ్డూ ముక్కలోనే నేను ఆ వేడుకంతా చూసుకునేవాణ్ణి.

మందులు మాత్రం ఎవరికి తోచినవి వాళ్ళు చెప్పారు. నాన్నమ్మ నిమ్మకాయ వాసన చూడమంది. అమ్మ ఖాళీ కడుపుతో ఎక్కమంది, అలా కాదు నిండా పెరుగన్నం పెట్టి ఎక్కించాలని ఎదురింటావిడ అంది. మా చర్చిలో ఒక పెద్దాయన చొక్కా లోపల పొట్టకు దినపత్రిక చుట్టుకుంటే చాలన్నాడు. చుట్టారు. అది చెమటకు తడిసి, అక్షరాలన్నీ తిరగబడి నా పొట్ట మీద దిగాయి. ఇంటికొచ్చాక నాన్న నన్ను అద్దం ముందు నిలబెట్టి నిన్నటి వార్తలు చదివారు.

నాన్న లెక్కల మాస్టారు. ఆయనకు ఈ మందుల మీద నమ్మకం లేదు. కష్టమైన లెక్క ఇచ్చేముందు తేలికైన లెక్కలు ఇవ్వాలనేది ఆయన పద్ధతి, దాన్నే బస్సుకూ పెట్టారు. ఆదివారం భోజనాలయ్యాక మేమిద్దరం బస్సెక్కి చిల్లకల్లులో దిగేవాళ్ళం. గోలీసోడా తాగి, వచ్చేపోయే లారీల్ని చూస్తూ కూర్చుని, కడుపు నెమ్మదించాక ఇంకో బస్సులో తిరిగొచ్చేవాళ్ళం. చిల్లకల్లు అలవాటయ్యాక నవాబుపేట, అదీ అలవాటయ్యాక అంబారుపేట. ఏ పనీ లేకుండా, ఏ చుట్టమూ లేని ఊళ్ళలో దిగి సోడా తాగి వెనక్కి వచ్చే తండ్రీకొడుకుల్ని ఆ రూటు కండక్టర్లంతా గుర్తుపట్టేశారు. "మాస్టారూ, ఇవాళ మనది ఏ ఊరండి?" అని అడిగాకే టిక్కెట్టు కొట్టేవారు. అమ్మ మాత్రం, "చుట్టాల ఊరికి పొమ్మంటే పోరు గానీ, సోడా కొట్టు దాకా మాత్రం ప్రయాణం కట్టేస్తారు" అని సణిగేది.

ఒక పొరపాటు మాత్రం మేం చాలాకాలం చేశాం. పక్కవాళ్ళ బట్టలు పాడవుతాయని నాన్న మర్యాదకు పోయి నన్ను ఎప్పుడూ చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చోబెట్టేవారు. బస్సులో అన్నిటికంటే ఎక్కువ ఎగిరేది ఆ బెంచీయే. గతుకు వచ్చినప్పుడల్లా మేమిద్దరం పైకి లేచి కూర్చునేవాళ్ళం. అలా ఎగురుతూనే నవాబుపేట దాకా నెట్టుకొచ్చాను గానీ, అంబారుపేట మాత్రం దాటలేకపోయాను. అక్కడికి రాగానే నోట్లో నీళ్ళూరేవి, నాన్న బస్సు ఆపించేవారు. చివరికి ఆయనే పొరపాటు గ్రహించి డ్రైవరు పక్కనున్న ఇంజను పెట్టె దగ్గరికి మార్చారు. రోడ్డు బాగా కనిపించేది, కాస్త నయమనిపించింది. అయినా అంబారుపేట అంబారుపేటే.

అప్పుడే అత్త పెళ్ళి కుదిరింది. అత్త నాన్నకు చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. నాకు అన్నం తినిపించడం, తల దువ్వడం, బళ్ళో కొట్టినవాడి ఇంటికెళ్ళి దెబ్బలాడి రావడం అన్నీ ఆమె పనులే. పెళ్ళికొడుకుది నందిగామ, పెళ్ళి అక్కడి చర్చిలో. ఉంగరాల పళ్ళెం ఎవరు పట్టుకోవాలనే మాట వచ్చినప్పుడు అత్త ఇంకో ఆలోచన లేకుండా నా పేరు చెప్పింది. పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పెళ్ళికొడుకు అక్కగారి కొడుకు ఒకడున్నాడని, బుద్ధిమంతుడని, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదని అవతలివాళ్ళు మర్యాదగానే కబురు పెట్టారు. అత్త ఒప్పుకోలేదు. తెల్ల చొక్కా కుట్టించారు. ఆ చొక్కాను చూసినప్పుడల్లా నాకు సంతోషం, ఆ వెంటనే అంబారుపేట గుర్తొచ్చి భయం. ఈసారి కూడా పక్కింట్లో ఉండిపోతే అత్త పెళ్ళిని సైతం లడ్డూ ముక్కలోనే చూడాలి కదా అని రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చేవాణ్ణి.

పెళ్ళిరోజు పొద్దున వాకిట్లోకి వ్యాను వచ్చింది. ఫ్యాక్టరీ లారీల దుమ్ముకు పెళ్ళికూతురి తల పాడవుతుందని అద్దాలన్నీ బిగించేశారు. లోపల సెంటు, మల్లెపూలు, కొత్త చీరలు, దారిలో తినడానికి పులిహోర డబ్బాలు. నేను ఒక కాలు లోపల పెట్టాను, పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను. నా మొహం చూసి నాన్న, "మీరు పదండి, నేనూ వీడూ బస్సులో వచ్చేస్తాం" అన్నారు.

 అంతలో వ్యానులోంచి తెల్ల చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, తల మీద ముసుగుతో, పూలకిరీటంతో అత్త దిగింది.

"నువ్వెక్కడికే?" అంది నాన్నమ్మ.

"బస్సుకి."

"పెళ్ళికూతురు ఎర్రబస్సెక్కుతుందటే! అవతలివాళ్ళు ఏమనుకుంటారు?"

"ఉంగరాలు వెనకాల వస్తుంటే నేను ముందెళ్ళి ఏం చెయ్యనమ్మా? పదండి అల్లుడుగారూ" అని నా చెయ్యి పట్టుకుంది.

పెళ్ళికూతురు బస్సెక్కడం చూసి కండక్టరు టిక్కెట్ల పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అలవాటు కొద్దీ, "మాస్టారూ, ఇవాళ ఏ ఊరండి?" అన్నాడు. "ఇవాళ నందిగామేనయ్యా, పూర్తిగా" అన్నారు నాన్న, ఆ గొంతులో ధైర్యం ఎంతో ప్రార్థన కూడా అంతే. ముందు సీట్లో ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. ఒక ముసలావిడ తన పైటచెంగుతో సీటు తుడిచి, అత్తను కూర్చోబెట్టి, "ఏ చర్చిలోనమ్మా, ఏం పెడుతున్నారు?" అని భోజనాల వివరాలు కనుక్కుంది. నేను ఒళ్ళో పళ్ళెం, చేతిలో నాన్నమ్మ నిమ్మకాయతో అత్త పక్కన కూర్చున్నాను. ఉంగరాలు నాన్న జేబులో ఉన్నాయి.

చిల్లకల్లు దాటాం. నవాబుపేట దాటాం. బస్సంతా పెళ్ళికూతుర్ని చూస్తోంది, నేను మాత్రం రోడ్డు చూస్తున్నాను. అంబారుపేట దగ్గరవుతున్నకొద్దీ మామూలుగానే నోట్లో నీళ్ళూరడం మొదలైంది. చెబుదామని అత్త వైపు తిరిగాను. అత్త నాకంటే ముందే నా చెవి దగ్గరికి వంగింది.

"అల్లుడూ, నాకు తిప్పుతోందిరా. ఎవరికీ చెప్పకు. ఏం చెయ్యాలో నీకే తెలుసు."

నిజమే, నాకు తెలుసు. ఇంటిల్లిపాదీ నా మీద చేసిన వైద్యమంతా నాకు కంఠతా వచ్చు. ఆ చీర పాడైతే ఏమవుతుందో తల్చుకుంటే నా తెల్ల చొక్కా ఏపాటిది? నిమ్మకాయ ఆమె చేతిలో పెట్టాను. ముసుగు మూతికి అడ్డం రాకుండా పక్కకు పట్టుకున్నాను. కిందికి చూడొద్దన్నాను, రోడ్డు చివర చెట్లు కలిసేచోటే చూడమన్నాను, కళ్ళు మూసుకుంటే ఇంకా తిప్పుతుందని హెచ్చరించాను. మాటిమాటికీ, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను. అత్త చిన్నగా, "కొంచెం నయం" అనేది. కాసేపాగి, "మళ్ళీ వస్తోందిరా" అనేది. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాణ్ణి. అలా ఎంతసేపు చెప్పానో తెలియదు. తలెత్తి చూస్తే ఇళ్ళు దగ్గరదగ్గరగా వచ్చేశాయి, కొట్లు కనిపిస్తున్నాయి, వెనక నుంచి నాన్న నా భుజం గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"నాన్నా, అంబారుపేట వచ్చిందా?" అని అడిగాను.

"అదెప్పుడో పోయిందిరా" అన్నారు నాన్న. లెక్క కుదిరినప్పుడు బోర్డు ముందు ఎలా నిలబడేవారో అలా ఉన్నారు.

డ్రైవరు బస్టాండుకు పోకుండా బస్సును సరాసరి చర్చి ముందు ఆపాడు. వ్యాను మా తర్వాత వచ్చింది. నా తెల్ల చొక్కా మీద మరక కూడా లేదు, అద్దాలు మూసిన వ్యానులో సెంటు వాసనకు తట్టుకోలేకపోయిన మా అమ్మ పట్టుచీర గురించి మాత్రం అలా చెప్పలేను. చర్చిలో అందరి ముందూ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. అవసరం పడుతుందేమోనని ఉంగరాల పక్కనే నిమ్మకాయ కూడా పెట్టాను. పాస్టరు అయ్యగారు ఉంగరం కోసం చెయ్యి చాపి ఒక్క క్షణం ఆగారు, నన్ను చూశారు, నవ్వాపుకుని ప్రార్థన కొనసాగించారు. ఫోటో అప్పుడు తీసిందే.

ఆ తర్వాత నాకు బస్సు పడదన్న మాట లేదు. ఘనత మాత్రం తలా కాస్త పంచుకున్నారు. నాన్నమ్మ నిమ్మకాయ అంది, నాన్న సాధన అన్నారు, చర్చి పెద్దాయన దినపత్రిక గుణం నెమ్మది మీద కనిపిస్తుందన్నాడు. అన్ని మందులూ ఒకేసారి వాడితే ఏది పనిచేసిందో తేల్చలేమని నా చదువు చెబుతుంది. నేనూ తేల్చకుండానే వదిలేశాను.

మొన్న ఆదివారం పాపను ఎలాగో బతిమాలి, కారు ఇంట్లో పెట్టి, ఇద్దరమే నందిగామ బస్సెక్కాం. ముందు సీటు, తెరిచిన కిటికీ, ఫోను లేదు, చేతిలో నిమ్మకాయ. రోడ్డు ఇప్పుడు ఎంత నున్నగా ఉందంటే గతుకులే లేవు. ఊళ్ళు రోడ్డుకు అవతల, పక్కదారుల వెనక్కి జరిగిపోయాయి. మేం సోడా తాగిన కొట్టు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. అప్పుడు రోడ్డు కుదిపేది గానీ మధ్యలో దిగి ఊపిరి పీల్చుకోవడానికి చోటుండేది, తర్వాతి బస్సు దాకా లారీలు చూస్తూ ఒక తండ్రి కూర్చునేంత తీరిక ఉండేది. ఇప్పుడు పిల్లల్ని తొందరగా చేర్చేస్తున్నాం. దారిలో ఎక్కడైనా దింపి కూర్చోబెట్టడం మాత్రం మాకు చేతకావడం లేదు.

అంబారుపేట బోర్డు కనిపించింది. పాప మొహం పాలిపోయింది, పెదాలు బిగించింది. నేను ఏమీ ఆలోచించలేదు, నోటికి వచ్చేసింది.

"అమ్మలూ, నాన్నకు తిప్పుతోందమ్మా."

పాప ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. నిమ్మకాయ నా ముక్కుకు ఆనించింది. "దూరంగా చూడు నాన్నా. కళ్ళు మూసుకోకు" అని నేను పొద్దున చెప్పినవన్నీ నాకే చెప్పడం మొదలుపెట్టింది. నాకేమీ తిప్పడం లేదు. అయినా బుద్ధిగా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గానీ నాకు తట్టలేదు, మా అత్త ఇప్పటికీ తను అమ్మే జాకెట్టు గుడ్డల కోసం వారం వారం బస్సులో బెజవాడ వెళ్ళొస్తుందని, దారి పొడుగునా వేరుశెనక్కాయలు వలుచుకు తింటూ వెళ్తుందని, ఆమెకు తిప్పడం నేను ఆ ఒక్కరోజే చూశానని.

మేం వెళ్ళేసరికి అత్త అరుగు మీద కూర్చుని శెనక్కాయలే తింటోంది. అడగాలనుకున్నాను. ఈలోపు పాప పరుగెత్తుకెళ్ళి, "అమ్మమ్మా, నాన్నకు బస్సు పడదు. నేనే జాగ్రత్తగా తీసుకొచ్చా" అంది.

అత్త నా చేతిలో నిమ్మకాయను చూసింది, నన్ను చూసింది.

"నాకూ పడదే తల్లీ" అంది, ఇంకో కాయ వలుస్తూ.