తోసే బండి

నా చిన్నప్పుడు, ఉరవకొండకు అవతల ఉన్న మా ఊళ్లో, బండి అంటే ఎద్దులబండే. బండి చేయడంలో మా తాతను మించినవాడు చుట్టుపక్కల లేడని ఊరంతా ఒప్పుకునేది. ఒప్పుకోనివాళ్లను ఆయనే కూర్చోబెట్టి ఒప్పించేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ఎవరికైనా మొదటి పాఠం ఒకటే: బరువు ఎప్పుడూ కొంచెం ముందుకే ఉండాలి. వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుసుకుంటాయి. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఈ మాట వచ్చేది.

అలాంటి ఇంట్లో పుట్టాడు మా చిన్నాయన. కొన్నాళ్లు బెంగళూరులో మోటారు షెడ్డులో పనిచేసి, అక్కడ ఒక పాత విమానాల మైదానంలో డ్రాగ్ రేసు చూసి వచ్చాడు. మలుపుల్లేని పందెం అది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా ఊపగానే నేరుగా దూసుకుపోతాయి, చూస్తూండగానే అయిపోతుంది. ఇంట్లో చేసుకున్న బండ్లతో మామూలు మనుషులు కూడా దిగవచ్చని విన్నప్పటి నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు.

నీళ్లు పడని మా బోరులోంచి పీకిన ఇనుప పైపులను అతికించి పొడుగాటి చట్రం చేశాడు. ముందు సైకిలు చక్రాలు, వెనక పాత జీపు చక్రాలు, సీటు వెనక తుక్కులో దొరికిన మోటారుసైకిలు ఇంజను. నిచ్చెనకు చక్రాలు కట్టినట్టు ఉండేది. మా అవ్వ దాన్ని పాడె అనేది, అని వెంటనే లెంపలు వేసుకునేది.

పైపులు ఇచ్చేటప్పుడే మా తాత ఒక షరతు పెట్టాడు. శెనక్కాయ పీకే రోజుల లోపల ఆ బండి చెరువుకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నేరుగా పోవాలి. పోకపోతే విప్పేసి ఆ ఇనుముతో చేలో తోలే గుంటకలు చేయించుకుంటానన్నాడు. బండి విప్పితే చిన్నాయన మనసు కూడా విరిగిపోతుందని నాకు తెలుసు. బెంగళూరు పందానికి వెళ్లాలన్న ఆశ అంతా దాని మీదే పెట్టుకున్నాడు.

మా చెరువు నీళ్లు చూసి ఏళ్లయింది. అంత చదునైన నేల ఇంకెక్కడా దొరకదు. కరువు మాకు చేసిన మేలు అదొక్కటే.

బండిని చెరువులోకి దించిన ఉదయం, చూడటానికి ఊరంతా చేరాక, తాత దాని చుట్టూ తిరిగి చూశాడు. చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాదు.

"ముందర తేలిగ్గా ఉండాది రా. లేసి పడ్తాది," అని అవ్వ విసుర్రాయి తెప్పించి ముందు చక్రాల దగ్గర కట్టించాడు. చిన్నాయన కాదనలేదు. ఆయనా ఆ పాఠం మీద పెరిగినవాడే కదా.

ఎర్రగుడ్డ ఊపే పని నాది. ఊపాను. ఇంజను అరుపుకు మేకలు గట్టెక్కి పారిపోయాయి. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, దుమ్ము లేచింది, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. రెండోసారి ఇంకా లోతుగా దిగబడింది.

"బోరు ఏస్తాండావా అన్నా? నీళ్లు పడితే మాకూ చెప్పప్పా!" అని ఎవరో అరిచారు. ఊరంతా పగలబడి నవ్వింది. చిన్నాయన దిగి, తాత ముఖం చూడకుండా, "ఇప్పేస్తాలే నాయనా," అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

నిజానికి అక్కడ గెలిచింది మా తాతే. ఊఁ అంటే చాలు, షరతు నెగ్గుతుంది, గుంటకలు తయారవుతాయి. ఆయన ఊఁ అనలేదు. చక్రం తవ్విన గుంత పక్కన గొంతుక్కూర్చుని, ఆ పొడిమట్టిని చేత్తో తీసి చాలాసేపు చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు:

"తప్పు వానిది కాదప్పా, నాది. ఎద్దులు ముందరుండి లాగుతాయి. ఇది ఎనకుండి తోస్తాది. తోసేవాని కాలు నేలన ఊనుకోవద్దా? బరువు నేనే తప్పు జాగాలో పెట్టిస్తి."

అంత పెద్ద మీసమున్న మనిషి నోట 'తప్పు నాది' అన్న మాట మా ఊరు అంతకు ముందు విని ఉండదు. తాడు ముడులు ఆయనే విప్పాడు. విసుర్రాయిని ఆయనే మోసుకొచ్చి వెనక చక్రాల పైన కట్టాడు. బండిని అందరూ కలిసి గుంతలోంచి గట్టినేల మీదికి ఎత్తారు.

ఈసారి నేను గుడ్డ దించేలోపే బండి నా ముందు లేదు. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్టు వణుకుతూ, గీత గీసినట్టు అవతలి గట్టు దాకా పోయింది. ఆపడం గురించి చిన్నాయన అంతగా ఆలోచించినట్టు లేదు, తుమ్మకంపే ఆపింది. ఒళ్లంతా గీరుకుపోయి, నవ్వుతూ నడిచి వచ్చాడు. తాత ఆయన జుట్టులోంచి ముళ్లు ఏరాడు.

బెంగళూరులో మొదటి పందెంలోనే ఓడిపోయాడు చిన్నాయన. "ఓడితే ఓడినా, నేరుగా పోయింది పాపా," అని నాతో చెప్పి మరుసటి ఏడు మళ్లీ బయల్దేరాడు. ఆసారి బండిని లారీకి ఎక్కించింది తాతే.

తర్వాత నేను టీచరునయ్యాను, అత్తనయ్యాను, అవ్వనయ్యాను. ఈ మూడు కొలువుల్లోనూ మాట నెగ్గించుకోవడం చాలా సులువు. ఎదుటివాళ్లు తల దించుకుని, సరే మీ ఇష్టం అనేస్తారు. సరిగ్గా అప్పుడే నాకు తాత గుర్తొస్తాడు. "ఆగు, నేను చెప్పిందే తప్పేమో చూద్దాం," అంటాను. నలుగురిలో ఆ మాట అనడం ఇప్పటికీ నాకు కష్టమే. ఆయన ఊరంతా వినేలా అన్నాడు.