ముప్పై ఏడో ప్రశ్న

కాలేజీలో ఆవిడని అందరూ చుట్టాల మేడం అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆవిడ నవ్వేసేది. ఉద్యోగ పరీక్షల్లో వచ్చే రక్తసంబంధాల చిక్కుముడులు ఆవిడలా విప్పి చెప్పేవాళ్లు లేరు. తల్లికి ఒక గుర్తు, మొగుడికి ఒక గుర్తు, తోడబుట్టినవాళ్లకి ఇంకో గుర్తు ఇచ్చి, చివరికి ఎవరికి ఎవరేమవుతారో తేల్చమంటారు. "ఆడో మగో ప్రశ్నలో లేకపోతే మీరు మీసాలు తగిలించకండి" అని మొదటిరోజే చెప్పేది. క్లాసంతా గొల్లుమనేది.

రిటైరయ్యాక పరీక్షల బోర్డు ఆవిడ చేత ప్రశ్నలు రాయించుకునేది. ఆ సంగతి బయటికి పొక్కకూడదు కనుక ఇంట్లో కూడా చెప్పేది కాదు.

ఆ ఏడాది సరిగ్గా ప్రశ్నలు పంపాల్సిన వారంలోనే ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు ఆస్పత్రిలో పడ్డాడు. ఐసీయూ బయట ఇనుప కుర్చీలో, ఒళ్లో అట్ట పెట్టుకుని జవాబుల కీ రాసింది. ముప్పై ఏడో ప్రశ్న చాలా చిన్నది. గుర్తులు విప్పితే మిగిలేది ఇంతే: పికి తల్లి క్యూ. క్యూ, ఆర్ ఇద్దరూ తోడబుట్టినవాళ్లు. పికి ఆర్ ఏమవుతారు?

అంతలో కూతురు ఫోన్ చేసింది.

"మామయ్య కళ్లు తెరిచాడా అమ్మా?"

"లేదే."

ఫోన్ పెట్టేసి, 'మేనమామ' అన్న జవాబుకి టిక్కు పెట్టింది. దాని కిందే 'చెప్పలేం' అని ఉంది. నాలుగో రోజు తమ్ముడు పోయాడు.

పరీక్షయ్యాక కీ మీద వచ్చిన అభ్యంతరాలను బోర్డు ఆవిడకే పంపింది. తమ్ముడి గది ఖాళీ చేస్తున్న రోజది. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో తనకి పొరపాటేమిటి అనుకుంది. ప్రశ్న తిరగేసి చూడకుండానే 'కీ సరైనదే' అని సంతకం పెట్టేసింది.

ఫలితాలు వచ్చిన నెలకి, పాత విద్యార్థిని ఒకామె ప్రశ్నపత్రం పట్టుకుని ఇంటికి వచ్చింది.

"ఒక్క మార్కులో పోయింది మేడం. వచ్చేసారికి వయసు దాటిపోతుంది. ఉద్యోగం కోసం రాలేదులెండి. ఇందులో నా తప్పేంటో చెబుతారని వచ్చాను. ఆర్ ఆడో మగో ఎక్కడా లేదు. మామయ్య కావచ్చు, పిన్నీ కావచ్చు. అందుకే చెప్పలేం అని పెట్టాను."

ఆవిడ చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. ఎవరో బోర్డువాళ్ల తెలివితక్కువ పని అని పంపించేయొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నీది తప్పు కాదమ్మా. ఆ ప్రశ్న రాసింది నేనే. కీ కూడా నాదే."

"మీరా?" అందామె. "అభ్యంతరం కూడా పెట్టాను మేడం" అంది.

"నా దగ్గరికే వచ్చింది. చదవలేదు."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మంచినీళ్లు ఇస్తానన్నా వద్దని వెళ్లిపోయింది.

మర్నాడు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంతో ఆవిడ బోర్డు ఆఫీసుకి వెళ్లింది. అధికారి దాన్ని ముట్టుకోలేదు.

"ఉద్యోగాల్లో చేరిపోయారు కూడా మేడం. ఇప్పుడు కదిపితే మా కొంప మునుగుతుంది. మీరు నోరు విప్పకండి."

ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లింది. అమ్మాయి ప్యాకింగ్ కంపెనీలో షిఫ్టుకి వెళ్లింది. తండ్రి వాకిట్లోనే నిలబడి అంతా చదివాడు.

"ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి దాన్ని అనని మాట లేదమ్మా. తిండి దండగ అన్నాను. అన్నం ముందు కూర్చున్న పిల్లని అన్నాను. ఇప్పుడు నేనేం చెయ్యను?"

"కోర్టుకి వెళ్లండి. నేను సాక్ష్యం చెబుతాను."

చెప్పింది. బోర్డు ఆవిడని జాబితాలోంచి తీసేసింది. రహస్యం బయటపెట్టిందని నోటీసు కూడా పంపింది. కేసు మూడేళ్లు నడిచింది. ప్రశ్నకి కీ తప్పేనని కోర్టు తేల్చింది. పోస్టులు ఖాళీ లేవు కనుక ఇప్పుడు చేయగలిగింది లేదని కూడా తేల్చింది.

తీర్పు వచ్చిన సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వెనక యంత్రాల మోత.

"మనదే ఒప్పంట మేడం" అంది.

ఆవిడ, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

"షిఫ్టు దిగాక తింటాను" అని ఆమె పెట్టేసింది.